సొంత ఆవు పాలు, నాన్సీ లింకన్ మరణం: పచ్చిపాలపై అపోహలు – వాస్తవాలు

అమెరికాలో పచ్చిపాల వాడకాన్ని సమర్థించేవారు ఇటీవలి కాలంలో తొలితరం రైతు స్త్రీని తమ వాదానికి సాక్షిగా నిలబెడుతున్నారు. అడవి నరికి పొలం చేసుకొన్న ఆ స్త్రీ, ఏ రసాయనమూ తగలని పచ్చిక మేసిన సొంత ఆవును పితికి, పాలు కాచకుండానే పిల్లలకు పట్టిందనీ, అందువల్లనే ఆ తరం ఆరోగ్యంగా బ్రతికిందనీ ఈ ప్రచారం సారాంశం. కాచితే పాలలోని బలం పోతుందన్న రూపంలో ఇదే మాట తెలుగులోనూ వినిపిస్తున్నది. దీనివల్ల జరిగే కీడు ఊహించి చెప్పేది కాదు. 2024 మార్చిలో అమెరికా పాడి ఆవులలో హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ వైరస్ బయటపడింది. జబ్బుపడిన ఆవుల పచ్చిపాలలో ఆ వైరస్ పెద్ద మోతాదులో ఉన్నదనీ, ఆ పాలు తాగిన పిల్లులు పాడిక్షేత్రాలలోనే చనిపోయాయనీ శాస్త్రజ్ఞులు వెల్లడించిన తరువాత కూడా పచ్చిపాల ప్రచారం ఆగలేదు. కనుక వారు పిలిచిన సాక్షి అసలు ఏమి చెబుతున్నదో వివరంగా చూడవలసిన అవసరం ఉన్నది.

ఆ తరం రైతు స్త్రీలలో జీవితమూ మరణమూ రెండూ చరిత్రకు ఎక్కిన వ్యక్తి నాన్సీ హాంక్స్ లింకన్. అమెరికా పదహారవ అధ్యక్షుడు అబ్రహాం లింకన్‌కు ఆమె తల్లి కావడం వల్లనే ఆ వివరాలు మిగిలాయి. లేకుంటే వేలాది మంది తోటి స్త్రీల వలె ఆమె కూడా పేరు లేకుండా మట్టిలో కలిసిపోయేది. 1784లో వర్జీనియాలో పుట్టినట్లు భావిస్తున్న నాన్సీ, 1806 జూన్‌లో కెంటకీలో వడ్రంగి పని తెలిసిన రైతు థామస్ లింకన్‌ను పెళ్లాడి, సారా, అబ్రహాం అనే ఇద్దరినీ, పసితనంలోనే పోయిన మరొక కొడుకునూ కన్నది. కెంటకీలో భూమి హక్కు పత్రాలు తగాదాల మయం కావడం వల్లనూ, కొంతవరకు అక్కడి బానిస వ్యవస్థ వల్లనూ, 1816 చివరలో ఆ కుటుంబం ఒహాయో నది దాటి ఇండియానాకు తరలి, నేటి స్పెన్సర్ కౌంటీలోని లిటిల్ పిజన్ క్రీక్ అనే వాగు దగ్గర దట్టమైన అడవిలో స్థిరపడింది. చెట్లు కొట్టి నేలను సాగుకు తెచ్చే పని పురుషులదిగా చరిత్రలో నమోదైంది గాని, నూలు వడకడం, బట్ట నేయడం, పొయ్యి దగ్గరి వంట, కూరగాయల పెంపకం, పాలు పితికి వెన్న తీయడం వంటి పనులన్నీ స్త్రీల చేతుల మీదుగానే సాగేవి. ఇంకా పచ్చిక బయళ్లు ఏర్పడని ఆ చోట పశువులను అడవిలోకి వదిలేసేవారు; అవి దొరికినది మేసి ఇంటికి చేరేవి. నేటి ప్రచారం కొనియాడే సహజమైన మేత అంటే సరిగ్గా ఇదే.

ఆ మేతే నాన్సీ ప్రాణం తీసింది. 1818 శరదృతువులో ఆ వాగు పరిసరాలలో పాలజబ్బు చెలరేగింది. పశువు మేసిన విషం పాల ద్వారా, వెన్న ద్వారా, మాంసం ద్వారా మనిషికి చేరడం వల్ల వచ్చే జబ్బు కనుక దానికి ఆ పేరు. ముందుగా నాన్సీ పినతల్లి ఎలిజబెత్ స్పారో, ఆమె భర్త థామస్ స్పారో చనిపోయారు. పొరుగున ఉన్న బ్రూనర్ ఇల్లాలు చనిపోయింది. దాదాపు వారం రోజులు మంచాన పడి, అక్టోబరు 5న నాన్సీ కన్నుమూసింది. అప్పటికి ఆమె వయస్సు ముప్పై నాలుగు, కొడుకు వయస్సు తొమ్మిది. శవపేటికను భర్త థామస్ లింకన్ స్వయంగా తయారుచేయగా, దానికి కావలసిన చెక్క మేకులను అబ్రహాం చెక్కాడని బంధువు డెన్నిస్ హాంక్స్ తరువాతి కాలంలో చెప్పాడు. ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి 1879 దాకా స్థిరంగా నిలవలేదు.

ఈ విషానికి మూలం చెట్ల నీడలో పెరిగి, వేసవి చివర నుంచి శరత్తు వరకు తెల్లని చిన్న పూల గుత్తులు పూసే వైట్ స్నేక్‌రూట్ అనే అడవి మొక్క. దాని శాస్త్రీయ నామం ఏజెరాటినా ఆల్టిసిమా. గడ్డి సమృద్ధిగా ఉన్నప్పుడు పశువులు సాధారణంగా దాని జోలికి పోవు, ఎండలకు పచ్చిక మాడినప్పుడు మాత్రం దానినే మేస్తాయి. అందులోని ట్రెమెటోల్ అనే విషద్రవ్యం పశువు శరీరంలో చేరితే కండరాలు వణుకుతాయి. పాలిచ్చే ఆవులో అత్యంత ప్రమాదకరమైన సంగతి వేరొకటి ఉన్నది: విషం పాలతో పాటు బయటికి పోతూ ఉంటుంది కనుక ఆవు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది, దాని పాలు తాగిన దూడా మనిషీ ముందు కూలిపోతారు. మనిషిలో నీరసం, ఆకలి పోవడం, ఆగని వాంతులు, మలబద్ధకం కనిపించి, రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయి, శ్వాసలో అసిటోన్ వాసన వచ్చి, చివరకు స్పృహ తప్పుతుంది. ఎండకు గిడసబారిన జొన్న పైరునూ, కోసిన మోడు నుంచి లేచిన లేత పిలకలనూ మేసిన పశువు నాము పట్టి చనిపోతుందని తెలుగు రైతుకు తెలుసు. అయితే నాము విషం పశువునే పడగొట్టి హెచ్చరిస్తుంది, ట్రెమెటోల్‌లో ఆ హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు.

ఇక్కడ ఒక విషయాన్ని నిజాయితీగా చెప్పాలి. నాన్సీ పాలు కాచుకొని తాగి ఉన్నా బ్రతికేది కాదు, ఎందుకంటే వేడి సూక్ష్మజీవులను చంపుతుంది గాని ఇటువంటి విషాన్ని పాలలో నుంచి తొలగించలేదు. దీనిని చూపి, పచ్చిపాలకు ఈ మరణంతో సంబంధం లేదని కొందరు తప్పించుకోజూస్తారు. వారి వాదానికి పునాది పాలు పచ్చివి కావడం మాత్రమే కాదు. సొంత ఆవు, అడవి మేత, కల్తీ లేని ప్రకృతి ఉంటే హాని ఉండదన్న నమ్మకమే దాని పునాది. ఆ మూడూ ఉన్న చోటనే నాన్సీ చనిపోయింది. ఆ పునాది కూలిన తరువాత కాచని పాలను సమర్థించడానికి మిగిలేది ఏమీ లేదు, ఎందుకంటే క్షయ కలిగించే మైకోబాక్టీరియం బోవిస్, విడవని జ్వరాలు తెచ్చే బ్రూసెల్లా, గర్భస్రావానికి దారితీసే లిస్టీరియా, పిల్లల మూత్రపిండాలను దెబ్బతీసే ఈ.కోలై రకాలు కూడా ప్రకృతిలోనివే. వీటినైతే 72 డిగ్రీల సెల్సియస్ వద్ద పదిహేను సెకన్లు వేడిచేసే పాశ్చరీకరణ నిర్మూలిస్తుంది. కాచినందువల్ల తగ్గేది కొన్ని విటమిన్లలో కొంత భాగం మాత్రమే. మాంసకృత్తులూ కాల్షియమూ దాదాపు యథాతథంగా ఉంటాయి.

పెద్ద డాక్టర్లకు తెలియనిది పల్లె స్త్రీలకు తెలుసునన్న నమ్మకాన్ని మాత్రం ఈ జబ్బు విషయంలో కొంతవరకు ఒప్పుకోక తప్పదు. 1830ల ప్రాంతంలో ఇల్లినాయ్‌లో రోగులకు సేవచేస్తూ వచ్చిన అన్నా బిక్స్‌బీ, ఒక షానీ తెగ స్త్రీ చూపిన గుర్తులతో ఈ మొక్కను కనిపెట్టి, చుట్టుపక్కల వారిచేత పెరికించిందని అక్కడి జన సంప్రదాయం చెబుతున్నది. ఆ కాలపు ప్రసిద్ధ వైద్యుడు డేనియల్ డ్రేక్ స్నేక్‌రూట్ కారణమన్న వాదాన్ని అంగీకరించలేదు. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో కూడా కొందరు పరిశోధకులు ఒక బాక్టీరియాను దోషిగా ప్రకటించారు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన జేమ్స్ కౌచ్ ఈ మొక్క నుంచి విషాన్ని వేరుచేసేసరికి 1920ల చివరికి వచ్చింది. అయితే ఆ స్త్రీలు ప్రకృతిని నమ్మి ఊరుకోలేదు. ఆవులు ఎక్కడ ఏమి మేస్తున్నాయో వెంబడించి చూసి, అనుమానించి, పరీక్షించారు. వారిని పచ్చిపాల ప్రచారానికి వాడుకోవడం వారి తెలివికి చేసే అవమానం.

మిగిలిన అపోహలకు ఎక్కువ చోటు అవసరం లేదు. నాన్సీదిగా ప్రచారంలో ఉన్న ఫోటో ఏదైనా అబద్ధమే, ఎందుకంటే ఫోటోగ్రఫీ ప్రజలకు అందుబాటులోకి వచ్చినది 1839లో. దగ్గరలో డాక్టరు ఉంటే ఆమె బ్రతికేదన్నదీ నిలవదు, ఆనాటి వైద్యానికి ఈ జబ్బు కారణమే తెలియదు. పచ్చిపాలలో పాల చక్కెరను అరిగించే ఎంజైము ఉంటుందన్నది శుద్ధ తప్పు. పాలు పడనివారు పెరుగు వాడుకోవచ్చు.

ఈ జబ్బు పూర్తిగా మాయమైందనుకోవడమూ పొరపాటే. అనేక మందల పాలు కలిపి అమ్మే పద్ధతి వల్ల విషం పలుచబడి, అడవులు తగ్గి, కంచెలు వచ్చి అది అరుదైంది గాని, 1963లో కూడా అమెరికా వైద్య సంఘం పత్రిక ఇటువంటి విషబాధను నమోదు చేసింది. ఒకే ఆవు పాల మీద ఆధారపడే ఇంటికి ఆ రక్షణ ఉండదు. అమెరికా మధ్య, తూర్పు రాష్ట్రాలలో పొలం కొని ఆవును గాని మేకను గాని పెంచుకొనే తెలుగువారు ఈ మొక్కను గుర్తుపట్టడం నేర్చుకొని, పూతకు రాకముందే చేతి తొడుగులతో వేళ్లతో సహా పెరికివేయాలి. ఎండాకాలం చివర పశువులను చెట్ల నీడలోకి తోలకుండా ఎండుమేత సిద్ధంగా ఉంచుకోవాలి. ఎండుమేతలో కూడా ఈ మొక్క కలవకుండా చూసుకోవాలి. పొలం దగ్గర పాలు తాగిన తరువాత వాంతులు, విపరీతమైన నీరసం వస్తే, ఏ పాలు తాగారో, ఆ పశువు ఎక్కడ మేసిందో డాక్టరుకు ముందుగా చెప్పాలి. పాలు ఎక్కడివైనా పొంగు వచ్చేదాకా కాచి తాగాలి. గర్భిణులకూ పసిపిల్లలకూ వృద్ధులకూ పచ్చిపాలు ఒక్క గుక్క కూడా పట్టరాదు.