వారపు వెచ్చములు

గృహవ్యయములలో ఇంటియద్దె, పిల్లల చదువు మున్నగునవి మన చెప్పుచేతలలో నుండునవి కావు గాని, దినదినము మన చేతిమీదుగా జరుగుచు మన వివేకమునకు లోబడి యుండునది వెచ్చపు వ్యయ మొక్కటియే. బజారునకు బయలుదేరుటకు ముందు డబ్బాల మూతలు తీసి, ఉన్నదేదో నిండుకొన్నదేదో చీటీపై వ్రాసికొనని గృహస్థు, ఇంట అరకిలో పెసరపప్పు ఉండగనే మరియొక కిలో కొనితెచ్చి, తుదకు రెంటిని పురుగులపాలు చేయును.

1999 జనవరి 26న ఆంధ్రప్రదేశమున ఆరంభమైన రైతుబజారులయందు, దళారి ప్రమేయము లేక రైతే తన పంటను అమ్ముకొనుటచేతను, నాటి ధరలు బోర్డుపై వ్రాసి యుంచుటచేతను, కూరగాయలు సాధారణముగ చిల్లర యంగళ్లకంటె చౌకగ లభించును. ఆ బోర్డు చదివిన పిమ్మటనే ఏమి వండవలెనో నిశ్చయించుకొనుట నా మతమున మేలు. వంకాయ ప్రియమైననాడు తోటకూరపప్పుతో తృప్తిపడుటలో లోపమేమున్నది?

ఇక చింతపండు, ఎండుమిరపకాయలు, కందిపప్పు వారమువారము కొనదగినవి కావు. పంట చేతికి వచ్చిన దినములలో ఏటికి సరిపడ కొనదగినవి. మా యమ్మగారు వేసవి రాగానే కొత్త చింతపండు తెప్పించి, అరుగుమీద కూర్చుండి గింజయు పీచును ఓపికతో తీసి, నడుమ నడుమ ఉప్పు చల్లుచు జాడీలో అదిమి పెట్టుచుండెడివారు. బీరకాయ చెక్కునైనను పారవేయక, పచ్చిమిరపకాయలతో వేయించి, ఆ చింతపండే చేర్చి రోటిలో నూరిన పచ్చడి, మరునాటి కూర ఖర్చును తప్పించెడిది.