పూలకొప్పుకు బంగారు రేకు

తిరుమల గుడి మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో శ్రీకృష్ణదేవరాయలు చేతులు జోడించి నిలబడి ఉంటాడు. అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. 1517 నాటి రాగి విగ్రహాలు అవి. ఎవరెవరో తెలిసేలా భుజాల మీద పేర్లు కూడా చెక్కారు. నెల్లూరు జిల్లా నుంచి విడిపోయి 2022లో తిరుపతి జిల్లాలో కలిసిన మా తడకు ఇప్పుడు సొంత జిల్లాలోనే అంత గొప్ప పోర్ట్రెయిట్ శిల్పాలు ఉన్నాయన్నమాట. వాటిలోని ఆడవాళ్లిద్దరూ రాణులు. రాణులు కాబట్టే లోహంలోకి ఎక్కారు.

రాణి కాని ఆడమనిషి ముఖం అంత ఘనంగా ఎప్పుడు నిలబడింది? నాకు తట్టే జవాబు జి. రవీందర్ రెడ్డి. 1956లో సూర్యాపేటలో పుట్టి, బరోడాలో, ఆపైన లండన్‌లో శిల్పం చదివి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాడు. ఆయన చేసిన ఆడవాళ్ల తలలు కొన్ని మనిషి ఎత్తును మించి ఉంటాయి. అమెరికాలోని వర్జీనియా మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉన్న ‘దేవి’ 1998 నాటిది.

ఆ ముఖాలు చూడండి. రెప్ప వాల్చని తెల్లటి కళ్లు, పోలేరమ్మ కళ్లలా. ఎర్రటి పెదవులు, వెడల్పాటి ముక్కు. వెనక్కి వెళితే అసలు సంగతి అక్కడుంది: ముడిచిన కొప్పు, దాని చుట్టూ వరసలుగా పూలు. ఇది మన బజారులో, బస్టాండులో తిరిగే మనిషి అలంకారమే. పులికాట్ ఒడ్డున భీములవారిపాలెంలో రొయ్యలు, పీతలు గంపకెత్తుకునే పట్టపు జాలరి ఆడవాళ్లది అదే కొప్పు. తడలో లోకల్ ఎక్కి చెన్నై వైపు వెళ్లేవాళ్లదీ అదే.

ముందు మట్టితో తల చేస్తారు. దానికి అచ్చు తీసి, లోపల రెజిన్, ఫైబర్‌గ్లాస్ పొరలు పరుస్తారు. పైన కార్లకు కొట్టే పెయింటు, బంగారు రేకు. ఫైబర్‌గ్లాస్ అంటే పడవలకూ నీళ్ల ట్యాంకులకూ వాడే సరుకు. దాని మీద గుళ్లో దేవుడికి తాపడం చేసే బంగారం! ఈ జోడింపులోనే ఆయన ప్రయోగమూ ఉంది, సమాజానికి చెప్పదలచుకున్నదీ ఉంది. మనం కన్నెత్తి చూడకుండా బేరమాడే ముఖాన్ని తల పైకెత్తి చూడాల్సి వస్తుంది. నల్లటి, దిట్టమైన ముఖాన్ని అందవికారమని నేర్పిన సినిమా పోస్టర్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు కనపడలేదు.

రవివర్మ 1889లో వేసిన ‘గెలాక్సీ ఆఫ్ మ్యుజీషియన్స్’ మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో ఉంది. వేర్వేరు ప్రాంతాల కట్టుబొట్లతో పదకొండు మంది స్త్రీలు, అందరి చూపూ ఎటో దిగులుగా. రవీందర్ రెడ్డి స్త్రీ దిగులుపడదు. సూటిగా చూస్తుంది.

నాకున్న అసంతృప్తి ఒకటే. ఈ తలల్లో కొన్నిటికి ఫలానా మనిషి అని పేరు లేదు. దేవి అనో రాధ అనో పిలిస్తే ఆమె అందరి ముఖమూ అవుతుంది. ఒక ఇంటి మనిషి కాకుండా పోతుంది. పైగా మెడ దగ్గరే ఆగిన శిల్పంలో చేతులుండవు. రొయ్యలు ఒలిచి ఒలిచి పాసిపోయిన వేళ్లు ఆ బంగారంలోకి రాలేదు.

తడ పక్కన శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో ఇప్పుడు మరో రకం ముఖాలు తయారవుతున్నాయి. ఫోన్లు బిగించే లైన్లలో ఎక్కువమంది ఆడపిల్లలే. జుట్టు టోపీలోకి పోతుంది, పూలు గేటు బయటే ఆగిపోతాయి, మెడలో ఫోటో కార్డు. పూలకొప్పు మీద నిలబడిన శిల్పం ఈ పిల్లకు సరిపోదు. ఆమెకు వేరే కొలత, వేరే పదార్థం వెతకాలి. విశాఖలోనో తిరుపతిలోనో శిల్పం చదివే పిల్లలు షిఫ్టు మారే వేళకు ఒకసారి ఇక్కడికొచ్చి, ఆ బస్సులెక్కే అమ్మాయిలతో కూర్చుని, వాళ్ల చేతుల నుంచి పని మొదలుపెట్టాలని నా కోరిక.