చంటిబిడ్డ కోనేట్లో దిగితే...

కిందటి దసరా సెలవులకి మా చెల్లెలు బెంగుళూరు నుంచి ఆళ్లగడ్డ వచ్చింది. చంకలో పద్నాలుగు నెలల కూతురు. నేనూ నంద్యాల నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి చేరాను. పాప పుట్టినప్పటి మొక్కు అలాగే ఉండిపోయింది కదా, ఈసారి మహానంది వెళ్లి రావాల్సిందే అని అమ్మ పట్టు.

మహానంది కోనేరు గురించి ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎండాకాలం ఎన్ని బావులు అడుగంటినా అక్కడి ఊట ఆగదు. అడుగున పడ్డ రూపాయి బిళ్ల పైనుంచి కనిపించేంత తేట నీళ్లు. గుండాల్లోంచి పొర్లిన నీరు చుట్టూ ఉన్న అరటితోటలకీ, పొలాలకీ పారుతుంది. స్నానాలు చేసే బయటి గుండంలో అందరం దిగాం. చెల్లెలు పాపని కూడా దించింది, పొద్దున ఇంట్లో వేసిన డైపరుతోనే. నేను చూశాను. చూసీ ఏమీ అనలేదు. డైపరు ఉంది కదా, నీళ్లు పాడవవులే అనే అనుకున్నాను!

అయిదు నిమిషాలు కాలేదు, ఆ డైపరు నానిన దిండులా ఉబ్బింది. ఆ బరువుకి పాప నడుం కిందికి జారింది. చెల్లెలు పైకి లాగబోతే పక్కన పట్టీ దగ్గర చిరిగి, లోపలినుంచి తెల్లగా, జిగురుగా ముద్దలు ముద్దలుగా నీళ్లలోకి వచ్చేశాయి.

“ఏందే ఇది, సగ్గుబియ్యం పాయసం ఒలికినట్టుంది!” అంది అమ్మ.

ముద్దల్ని దోసిళ్లతో తోడుకుంటున్నాం. అప్పుడే మాకు నాలుగడుగుల అవతల ఒక ముసలావిడ నీళ్లు దోసిట పట్టి, కళ్లకద్దుకుని, తీర్థంలా నోట్లో పోసుకుంది. వద్దు అనడానికి నాకు నోరు పెగల్లేదు. “వట్టి ఉచ్చే కదక్కా” అంది చెల్లెలు నెమ్మదిగా. ఆ రోజుకి వట్టి ఉచ్చే. ఇంకోటయితే?

ఇంటికొచ్చాక కూడా ఆ ముసలావిడ దోసిలి నా కళ్లముందు నుంచి పోలేదు. అసలు నీళ్లలోకి పిల్లల్ని దించేటప్పుడు ఏం వెయ్యాలి అని వాళ్లనీ వీళ్లనీ అడిగి, చదివి తెలుసుకున్నాను. ఇది కోనేటికే కాదు, హైదరాబాదులో అపార్టుమెంట్ల ఈతకొలనుకీ, వేసవి సెలవుల్లో పిల్లలు పట్టుబట్టే వాటర్ పార్కులకీ కూడా పనికొచ్చే సంగతే.

మామూలు డైపరులో ఉండేది ఒకరకం పొడి. తన బరువుకి ఎన్నో రెట్లు నీరు పీల్చి జెల్లీలా మారుతుంది. ఉచ్చ ఏదో, కోనేటి నీళ్లేవో దానికేం తెలుసు? దొరికిందల్లా పీలుస్తుంది. అందుకే దానితో నీళ్లలోకి దిగకూడదు. నీళ్లకోసం వేరే ఉంటాయి. వాటిని స్విమ్ నాపీ అంటారు, మన దుకాణాల్లో స్విమ్ డైపరు అంటే ఇస్తారు. ఒకసారి వాడి పారేసేవి ఒక రకం, ఉతికి మళ్లీ మళ్లీ కట్టేవి ఇంకో రకం. నేను చెప్పేది ఈ రెండోదాని గురించి.

అది చేతిలోకి తీసుకుంటే మొదట మోసపోయామేమో అనిపిస్తుంది. లోపల దూది లేదు, దళసరి గుడ్డ లేదు. పైన నీరు దిగని బట్ట, లోపల పల్చని జాలీ గుడ్డ, నడుముకీ తొడలకీ ఎలాస్టిక్. అంతే! ఇది ఉచ్చని ఆపదు, ఆపడానికి చేసిందీ కాదు. దొడ్డికి వెళ్తే ఆ గట్టిది నీళ్లలోకి పోకుండా పట్టి ఉంచడమొక్కటే దీని పని. ఈ ముక్క తెలియక మా చెల్లెలు కొత్తది తెప్పించిన రోజునే పాపకి తొడిగి ఆటో ఎక్కింది. దిగేసరికి చీరె తడిసి ముద్ద! కాబట్టి నీళ్ల దగ్గరికి వెళ్లాకే తొడగాలి, బయటికి రాగానే విప్పెయ్యాలి.

నీరు దిగని ఇలాంటి తొడుగు ఒక గృహిణి బుర్రలోంచి పుట్టిందంటే మీకు ముచ్చటగా ఉండదూ? మేరియన్ డోనోవన్ అనే అమెరికా ఇల్లాలు, చంటిబిడ్డ పక్కబట్టలు మార్చి మార్చి విసిగిపోయి, 1946లో స్నానాలగది ప్లాస్టిక్ తెరని కత్తిరించి మిషను మీద లంగోటీ పై తొడుగు కుట్టింది. పిన్నీసులు గుచ్చుకుంటాయని టిచ్ బటన్లు పెట్టింది. తయారీదార్లు ఎవరూ పట్టించుకోలేదు. 1949లో న్యూయార్కులో ఒక పెద్ద దుకాణంలో పెడితే ఆడవాళ్లు ఎగబడి కొన్నారు, 1951లో ఆమెకి పేటెంటూ వచ్చింది. మన అవ్వలు మాత్రం పాత చీరె చింపి గోచీ పెట్టి ఊరుకున్నారు. వాళ్లకి నీళ్లు తోడే బాధే గానీ, ఈతకొలనుల బాధ లేదు కదా!

ఇక ఎంచుకోవడం. రంగులూ, చేప బొమ్మలూ చూసి పడిపోకండి. చూడాల్సింది తొడల దగ్గర ఎలాస్టిక్. బిడ్డకి తొడిగి, కూర్చోబెట్టి, కాళ్లు ఆడించనివ్వండి. తొడకీ పట్టీకీ మధ్య ఎక్కడా సందు కనిపించకూడదు, అలాగని విప్పాక ఎర్రగా వాత తేలకూడదు. వయసు చూసి కొనడం దండగ, బరువు చూసి కొనాలి. మా పెద్దవాడు ఏడాదికే బొద్దుగా పన్నెండు కిలోలుండేవాడు, రెండోది రెండేళ్లకీ అంత లేదు. “పెరుగుతుందిలే” అని గౌన్లు కొన్నట్టు ఒక సైజు పెద్దది మాత్రం కొనొద్దు. వదులైందంటే అది ఉన్నా లేనట్టే. నీళ్లలో నానితే బట్ట ఇంకాస్త సాగొచ్చు కూడా.

మనవాళ్లకే ప్రత్యేకమైన చిక్కొకటుంది, మొలతాడు. నడుము పట్టీ సరిగ్గా దానిమీదే కూర్చుంటే తడికి ఒరుసుకుపోతుంది. మొలతాడు కాస్త పైకి జరిపి, పట్టీ కిందకి వచ్చేలా చూసుకోండి. వెండి మువ్వలుంటే ఇంట్లోనే తీసి పెట్టండి, నీళ్లలో పోతే దొరకవు.

చెడ్డీలా కాళ్లలోంచి ఎక్కించేవి చూడ్డానికి బాగుంటాయి. కానీ దొడ్డికి పోయిన బిడ్డకి దాన్ని కాళ్లమీదుగా కిందికి లాగడం ఎట్లా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి! పక్కన విప్పేవే నయం. వాటిలో చర్రున ఊడే వెల్క్రో పట్టీల్ని ఏడాదిన్నర దాటిన గడుగ్గాయిలు వాళ్లే ఊడపీక్కుంటారు. ఉతుకులో దానికి దారాలు చుట్టుకుంటాయి కూడా. నా ఓటు టిచ్ బటన్లకే. రెండు మూడు వరసల బటన్లుంటే బిడ్డతో పాటు కొన్నాళ్లు సర్దుకుంటుంది. ఏడాదికొకసారి మొక్కుకి వెళ్లేవాళ్లకి ఒకటి చాలు. వారం వారం ఈతకి తీసుకెళ్లేవాళ్లకి రెండు.

వాడాక గట్టిదాన్ని దొడ్లో దులిపి, ముందు మంచినీళ్లతో జాడించి, తర్వాత మామూలు సబ్బుపొడితో ఉతికితే సరి. కొలనులో క్లోరిన్ ఎలాస్టిక్‌ని తినేస్తుంది, అందుకే ఆ జాడింపు వెంటనే జరగాలి. మరిగే నీళ్లూ, బ్లీచింగూ వద్దు. మే నెల మిట్టమధ్యాహ్నం మన మిద్దెల మీద నాపరాళ్లు ఎట్లా కాలుతాయో తెలుసుగా, వాటిమీద పరిచారంటే సాగే గుణం పోతుంది. నీడన ఆరెయ్యండి.

ఇంట్లో టబ్బులో ఆడే బిడ్డకి ఇదేదీ అక్కర్లేదు, నీళ్లు పారబోసి మళ్లీ పట్టుకోవచ్చు. నలుగురూ దిగే నీళ్లతోనే వస్తుంది చిక్కంతా. ఎంత మంచి నాపీ అయినా క్రిముల్ని ఆపలేదు. గట్టిదాన్ని పట్టి ఉంచుతుంది గానీ విరేచనాల్ని ఆపలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సి.డి.సి. తల్లులకి చెప్పే మాట కూడా ఇదే. గంటకోసారి చూడాలి, మార్చేటప్పుడు గట్టుమీద కాకుండా నీళ్లకి దూరంగా తీసుకెళ్లి మార్చాలి, విరేచనాలు అవుతుంటే అసలు దించకూడదు. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే ఒక క్రిమి, క్లోరిన్ కలిపిన నీళ్లలోనే వారం పైగా బతుకుతుందట! అది సోకిన బిడ్డని తగ్గాక కూడా రెండు వారాలు నీళ్లలోకి దించొద్దంటారు. ఇంకొక్క మాట. ఇది బిడ్డని తేల్చే సాధనం కాదు. నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్ల చెయ్యి బిడ్డకి అందేంత దూరంలోనే ఉండాలి.

శివరాత్రి జనం పల్చబడ్డాక చెల్లెలు మళ్లీ వచ్చింది. ఈసారి సంచిలో నాలుగు వందల చిల్లర పెట్టి కొన్న పసుప్పచ్చ స్విమ్ నాపీ, టిచ్ బటన్లది. సరిగ్గా బయల్దేరే ముందురోజు సాయంత్రం నుంచి పాపకి నీళ్ల విరేచనాలు. ఓ.ఆర్.ఎస్. తాగించాం, డాక్టరుకి చూపించాం, తెల్లారేసరికి కొంచెం తెరిపిన పడింది. పూజ సామాను సర్దేశాం, కారు వచ్చేసింది.

“తగ్గిందిగా, ఒక్క మునకే కదా, ఆ కొత్తది తొడగండి” అంది అమ్మ.

“తొడిగినా ఆగదమ్మా” అంది చెల్లెలు. “పోయినసారి ఆ ముసలామె తాగింది చూడలేదా?”

అమ్మ మాట్లాడలేదు. దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూచుంది. మొక్కు విషయంలో అమ్మకి కోపం వస్తే తేలిగ్గా దిగదు. మహానందిలో మేం పాపని గట్టు మీద, పొడి మెట్ల మీదే కూచోబెట్టాం. నీళ్లు చూసి అది చేతులూపుతూ ఒకటే గోల. అమ్మ గుండంలో మునిగి, లేచి, ఒక చెంబుడు నీళ్లు ముంచుకుని మెట్లెక్కి వచ్చింది. మనవరాలి నెత్తిన నాలుగు చుక్కలు చల్లింది.

“మునగకపోతే ఏముంది లేవే. వచ్చే ఏడాదికి నడుచుకుంటూ దిగుతుంది” అంది, పాప మొహం కొంగుతో తుడుస్తూ.

పసుప్పచ్చ నాపీ మడత విప్పకుండానే ఆళ్లగడ్డకి తిరిగొచ్చింది.