పదిమంది మెప్పు, పదిమంది ప్రేమ

బదిలీ ఉత్తర్వు చేతికందగానే ఉద్యోగి ఇంట చర్చకు వచ్చేవి మూడు విషయాలు: క్వార్టరు దొరుకుతుందా, సామాను ఎలా చేర్చాలి, పిల్లల టి.సి. ఎప్పుడు వస్తుంది. నాలుగవది మరొకటుంది. కొత్త తరగతిలో మన బిడ్డ పక్కన ఎవరు కూర్చుంటారు? పెద్దలమైన మనకు ఈ ప్రశ్న తోచదు. పిల్లలకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టనీయని ప్రశ్న అదే.

రాయపూర్ తెలుగువారికి పరాయి ఊరు కాదు. 1931లో విజయనగరం రైలుమార్గం పూర్తయిన నాటినుండి ఉత్తరాంధ్రకు, ఈ నగరానికి రాకపోకలు సులభమైనాయి. రైల్వేలలోను, సమీపంలోని భిలాయి ఉక్కు కర్మాగారంలోను ఎందరో మనవారు స్థిరపడ్డారు. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి రాయపూర్ రాజధాని అయింది. అయినా కొత్తగా వచ్చిన బాలునికి ప్రతి ఊరూ పరాయిదే. ఈ సత్యం మాకు బోధపడిన తీరును పాఠకులతో పంచుకొనదలచాము.

మా ఇంటి ముచ్చట

అప్పుడు మా అబ్బాయి ఎనిమిదవ తరగతి. కాలనీ క్రికెట్ జట్టుకు నాయకుడు, తరగతిలో వాడి మాటకు ఎదురు లేదు. సాయంత్రమయ్యేసరికి నాలుగైదు సైకిళ్ళు మా గుమ్మం ముందు ఆగేవి. అది చూచి మేము లోలోన మురిసిపోయేవారము.

ఆ ఏడాది పార్వతీపురం నుండి ఒక సహోద్యోగి బదిలీపై వచ్చారు. వారి కుమారుడు అదే తరగతిలో చేరాడు. చదువులో చురుకైనవాడే గాని హిందీలో తడబాటు. మన తెలుగులో పుస్తకం ఆడదా, మగదా అన్న విచారం లేదు. హిందీలో ఉంది. ‘మేరీ కితాబ్’ అనవలసిన చోట ఆ బాలుడు ‘మేరా కితాబ్’ అన్నాడు. తరగతి అంతా నవ్వింది. మరునాటినుండి అదే వాడి పేరైంది.

రెండు నెలల తరువాత ఆ తల్లి మా ఇంటికి వచ్చింది. ఆమె ఫిర్యాదు చేయడానికి రాలేదు, సహాయం కోరి వచ్చింది. “వదినగారూ, మావాడు మధ్యాహ్నం డబ్బా విప్పకుండానే తిరిగి తెస్తున్నాడండీ. మీ అబ్బాయి మాట అందరూ వింటారట కదా, కాస్త తమలో కలుపుకోమని చెప్పరూ?” అన్నది.

రాత్రి అబ్బాయిని కూర్చోబెట్టి అడిగాము. కొంతసేపు తల వంచుకొని, “నేనేం కొట్టలేదు నాన్నా. పేరు పెట్టానంతే. అందరూ నవ్వారు” అన్నాడు. గుమ్మం ముందు ఆగిన సైకిళ్ళను చూచి మురిసిన మాకు ఆ క్షణాన మాట రాలేదు.

మెప్పు వేరు, ఇష్టం వేరు

పిల్లల మధ్య ఆదరణను శాస్త్రీయంగా పరిశీలించే పద్ధతికి బాట వేసినవారిలో ప్రముఖుడు జాకబ్ మోరెనో. 1934లో ప్రచురించిన గ్రంథంలో ఆయన ఆ పద్ధతిని వివరించాడు. ఎవరి పక్కన కూర్చోవాలని ఉంది అని ప్రతి విద్యార్థినీ అడిగి, ఆ జవాబులను బాణపు గుర్తులతో పటంగా గీసేవాడు. కొందరివైపు ఎన్నో బాణాలు, కొందరివైపు ఒక్కటీ లేదు. 1982లో అమెరికా పరిశోధకులు ఈ విభజనను మరింత విశదం చేశారు. అందరికీ ఇష్టమైనవారు, తిరస్కృతులు, ఎవరి దృష్టికీ రానివారు, కొందరికి ప్రియులై కొందరికి అప్రియులైనవారు, సామాన్యులు అని ఐదు వర్గాలు చూపారు.

1998లో వెలువడిన మరో అధ్యయనం తల్లిదండ్రులందరూ గమనించదగినది. తరగతిలో పేరున్నవారు ఎవరు అన్న ప్రశ్నకు, నీకు ఇష్టమైనవారు ఎవరు అన్న ప్రశ్నకు పిల్లలు ఒకే జవాబు ఇవ్వలేదు. ఇష్టమైనవారిని దయగలవారని, నమ్మదగినవారని వర్ణించారు. పేరు మాత్రమే ఉన్నవారిని పెత్తనం చేసేవారని అన్నారు. కౌమారం ప్రవేశించేకొద్దీ ఇతరులను వెలివేసే నేర్పు కొందరికి పేరు తెచ్చిపెడుతుందని, అయితే ఇష్టాన్ని తగ్గిస్తుందని తరువాతి పరిశీలనలు తెలిపాయి. మా ఇంట జరిగినది సరిగ్గా ఇదే.

చూస్తూ నిలిచేవారు

కెనడాలో పాఠశాల మైదానాలలో చిత్రీకరించిన దృశ్యాలపై 2001లో ఒక అధ్యయనం వెలువడింది. ఒకరిని వేధిస్తున్నప్పుడు దాదాపు ప్రతిసారీ తోటిపిల్లలు చుట్టూ ఉన్నారు. అడ్డుపడినవారు మాత్రం తక్కువ. అయితే అడ్డుపడిన సందర్భాలలో సగానికి పైగా పది సెకన్లలోనే వేధింపు ఆగిపోయింది. అనగా ఒక్క బాలుడు ‘ఊరుకోరా’ అంటే చాలు. ఆ మాట పదిమంది వినే పిల్లవాడి నోట వస్తే దాని బలం మరింత ఎక్కువ.

రాయపూర్‌లో నరేంద్రుడు

ఈ నగరానికే చెందిన ఒక ఉదాహరణ ఉంది. 1877లో తండ్రి వృత్తిరీత్యా పద్నాలుగేళ్ళ నరేంద్రనాథ్ దత్తా కలకత్తా నుండి రాయపూర్ వచ్చి సుమారు రెండేళ్ళు నివసించాడు. ఆయనే తదుపరి కాలంలో స్వామి వివేకానంద. నేటి రాయపూర్ విమానాశ్రయం ఆయన పేరనే ఉంది. కలకత్తాలో బాల్యమిత్రుల ఆటలలో ఆయనే రాజు. ఇక్కడ అప్పట్లో తగిన పాఠశాల లేక చదువు ఇంటనే సాగింది. తండ్రి తన మిత్రుల చర్చలలో కుమారుణ్ణి కూర్చోబెట్టి, అభిప్రాయం చెప్పనిచ్చేవారు. తోటివారి మెప్పు దూరమైన వయసులో ఇంటి గౌరవం ఆ బాలుణ్ణి నిలబెట్టింది.

మనం చేయదగినవి

“ఎన్ని మార్కులు వచ్చాయి?” అన్న ప్రశ్నతోపాటు “ఈరోజు ఎవరితో కలిసి తిన్నావు?” అని కూడా అడుగుదాము. డబ్బా నిండుగా తిరిగి వస్తే వంట రుచిని శంకించే ముందు కారణం విచారిద్దాము. కొత్తగా వచ్చిన బిడ్డకు పెద్ద గుంపు అవసరం లేదు, ఒక్క నమ్మకమైన స్నేహితుడు దొరికితే చాలు. వేధింపు సాగుతుంటే ఉపాధ్యాయులకు తెలియజేయడానికి సంకోచించరాదు. మన బిడ్డకు పేరున్నదని తెలిసినప్పుడు, ఆ పేరు ఎవరి ఖర్చుతో వచ్చినదో కూడా తెలుసుకుందాము. ఇది అన్నిటికంటే కష్టమైన పని.

మా అబ్బాయి ఆ బాలుణ్ణి క్షమాపణ అడిగాడో లేదో మాకు తెలియదు. ఆ ఆదివారం మైదానంలో వాణ్ణి అసలు పేరుతో పిలిచి బంతి చేతికిచ్చాడు. వారం గడిచేసరికి డబ్బా ఖాళీగా రాసాగిందని ఆ తల్లి చెప్పింది. ఆ పేరు మాత్రం తక్కినవారి నోళ్ళ నుండి పూర్తిగా తొలగడానికి ఆ విద్యాసంవత్సరమంతా పట్టింది. పెట్టడానికి ఒక్క క్షణమే పట్టిన పేరు అది.