రెండవ ఏటి పరీక్ష

తొలి విజయం తర్వాత యువ క్రీడాకారుడు తడబడితే లోపం అతని ఆటలో ఉందా, మన లెక్కలో ఉందా?

2024 ఏప్రిల్ 20వ తేదీ రాత్రి. ఒకప్పుడు ఫిరోజ్‌షా కోట్లా మైదానంగా ప్రసిద్ధి కెక్కి, 2019 నుంచి అరుణ్ జైట్లీ స్టేడియంగా పిలవబడుతున్న ఢిల్లీ క్రీడాంగణంలో హైదరాబాదు జట్టు 266 పరుగులు చేసి, ఆతిథ్య జట్టు ఎదుట కొండంత లక్ష్యాన్ని నిలిపింది. అప్పుడు బ్యాటు పట్టుకొని వచ్చాడు జేక్ ఫ్రేజర్ మెక్‌గర్క్ అనే ఇరవైరెండేళ్ళ ఆస్ట్రేలియా యువకుడు. పదిహేను బంతుల్లో అర్ధశతకం పూర్తిచేసి, మొత్తం 18 బంతుల్లో 65 పరుగులు సాధించాడు. ఢిల్లీ ఆ ఆటలో ఓడిపోయినా ప్రేక్షకులు అతని పేరే తలచుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు. సరిగ్గా వారం తర్వాత అదే మైదానంలో ముంబై జట్టుపై 27 బంతుల్లో 84 పరుగులు చేసి, మొదటిది గాలివాటం కాదని నిరూపించాడు.

ఆ ఏటి ఐ.పి.ఎల్. పోటీలలో అతడు ఆడినవి 9 ఆటలు. చేసినవి 330 పరుగులు. నూరు బంతులకు 234 పరుగుల వేగం! ఆ నవంబరులో జరిగిన వేలంలో ఢిల్లీ యాజమాన్యం 9 కోట్ల రూపాయలు వెచ్చించి అతన్ని మళ్ళీ దక్కించుకొన్నది. తమ ఊహా జట్లకు ఎవరిని నాయకుడిగా ఎంచుకోవాలా అని తర్జనభర్జన పడే లక్షలాది అభిమానులకు 2025లో సమాధానం సిద్ధంగా ఉన్నట్లే తోచింది.

కాని 2025లో మెక్‌గర్క్ ఆరు ఆటలలో చేసినవి మొత్తం 55 పరుగులు. జట్టులో స్థానమే పోయింది.

ఏమైంది? ఒక్క ఏడాదిలో నైపుణ్యం ఆవిరైపోయిందా? డబ్బు తలకెక్కిందా? ఇలాంటి ప్రశ్నలు వేయడం సులభం. అయితే వీటికంటె ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మొదటి ఏటి అంకెలను మనం సరిగా చదివామా?

ఊహా జట్ల పుట్టుక

నిజమైన క్రీడాకారులను కాగితంమీద ఎంపిక చేసుకొని, వారు మైదానంలో చూపిన ప్రతిభకు పాయింట్లు వేసుకొనే వినోదం అమెరికాలో పుట్టింది. ఓక్‌లాండ్ రైడర్స్ ఫుట్‌బాల్ జట్టు భాగస్వాములలో ఒకరైన బిల్ వింకెన్‌బాక్ 1962లో కొందరు మిత్రులతో కలిసి దీనికి నియమాలు రూపొందించారు. ఎనిమిది ఊహా జట్లతో మొదలైన ఆ ఆట ఇప్పుడు అక్కడ కోట్లమంది కాలక్షేపం. దూరంగా విసిరిన బంతిని పరుగెత్తి అందుకొనే 'వైడ్ రిసీవర్' అనే ఆటగాడు రెండవ ఏట ఎలా ఆడతాడన్నది ఏటా అక్కడి అభిమానులకు పెద్ద చర్చ. మొదటి ఏడు మెరిసినవాడు రెండవ ఏడు మసకబారడం ఎంత సాధారణమంటే, దానికి వారి భాషలో ఒక నానుడే ఏర్పడింది.

మన దేశంలో ఈ వినోదం క్రికెట్టును ఆశ్రయించింది. నూరు పాయింట్ల మూలధనంతో పదకొండుమందిని ఎంచుకోవాలి. నాయకుడికి వచ్చిన పాయింట్లు రెండింతలు, ఉపనాయకుడివి ఒకటిన్నర రెట్లు అవుతాయి. 2024 అక్టోబరు 9న ఇదే ఢిల్లీ మైదానంలో బంగ్లాదేశ్‌పై జరిగిన ఆటను తీసుకోండి. విశాఖపట్నం యువకుడు నితీశ్‌కుమార్ రెడ్డి తన రెండవ అంతర్జాతీయ ట్వంటీ-20 ఆటలోనే 34 బంతుల్లో 74 పరుగులు చేసి, 23 పరుగులిచ్చి రెండు వికెట్లు తీశాడు. పరుగుకు ఒకటి, వికెట్టుకు ఇరవై ఐదు చొప్పున లెక్కవేస్తే 124 పాయింట్లు. నాయకుడిగా ఎంచుకొన్నవారికి 248. నోయిడాలోనో గురుగ్రామ్‌లోనో ఆఫీసు ముగించుకొని మెట్రో రైలులో నిలబడి, సెల్‌ఫోనులో అతని పేరు నొక్కిన తెలుగు యువకుడు ఆ రాత్రి తన తెలివికి తానే మురిసిపోయి ఉండడంలో ఆశ్చర్యం లేదు.

సగటు పిలుపు

ఒక పోటీ పరీక్షను ఉదాహరణగా తీసుకొందాం. వెయ్యిమంది విద్యార్థులు నమూనా పరీక్ష వ్రాశారు. వారిలో అగ్రస్థానంలో నిలిచిన పదిమందికి వారం తర్వాత అదే స్థాయి పరీక్ష మరొకటి పెడితే ఏమవుతుంది? ఎక్కువమంది మార్కులు కొంత తగ్గుతాయి. వారు చదవడం మానివేసినందువల్ల కాదు. మొదటి పరీక్షలో వారికి చదువుతోబాటు అదృష్టం కూడా తోడ్పడింది. చదివిన ప్రశ్నలే వచ్చాయి, ఊహించి గీసిన గుర్తులు సరిపోయాయి. రెండవసారి చదువు వెంట వస్తుంది గాని, అదృష్టం వస్తుందన్న హామీ లేదు.

దీనిని 1886లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ గాల్టన్ గణితంతో వివరించాడు. తల్లిదండ్రులు అసాధారణంగా పొడవరులైతే పిల్లలు కూడా పొడవరులే అవుతారు గాని, అంత పొడవు కాకుండా సగటు వైపు కొంత ఒరుగుతారని ఆయన గమనించాడు. ఆ తర్వాత చాలాకాలానికి మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులకు ఇదే సూత్రాన్ని బోధపరచవలసి వచ్చింది. బాగా నడిపినవాణ్ణి మెచ్చుకొంటే మరుసటిసారి చెడగొడతాడని, చెడగొట్టినవాణ్ణి తిడితే బాగుపడతాడని శిక్షకుల విశ్వాసం. నిజానికి మెప్పుకూ తిట్టుకూ ఇందులో ప్రమేయం లేదు. ఉభయులూ తమ తమ సగటుకు తిరిగి వస్తున్నారంతే.

మెక్‌గర్క్ 330 పరుగులకు ఆడినవి కేవలం 141 బంతులు. అంటే ఇరవైనాలుగు ఓవర్లకు కూడా తక్కువ! 2025లో 55 పరుగులకు ఆడినవి 52 బంతులు. అంత చిన్న నమూనా చూసి మొదటి ఏడు మహావీరుడన్నాం. అంతకంటె చిన్న నమూనా చూసి రెండవ ఏడు పనికిరానివాడన్నాం. రెండు తీర్పులూ తొందరపాటువే. ఈలోగా బౌలర్లు ఊరకే కూర్చోలేదన్నది కూడా నిజమే. కొత్తవాడి బలమూ బలహీనతా ఒక ఏడాది చలనచిత్రాలలో స్పష్టంగా కనిపిస్తాయి. రెండవ ఏడు అతడు ఎదుర్కొనేది పాత బౌలర్లనే అయినా, వారి చేతిలో కొత్త పథకం ఉంటుంది.

అంకెల వెనుక

రెండవ ఏడంటే పతనమే అనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాదు యువకుడు తిలక్‌వర్మ 2022లో ముంబై జట్టు తరఫున 14 ఆటలలో 397 పరుగులు చేశాడు. 2023లో చేసినవి 343. మొత్తం మాత్రమే చూసినవారు అతడు వెనుకబడ్డాడనుకొన్నారు. కాని రెండవ ఏడు గాయంవల్ల కొన్ని ఆటలకు దూరమై అతడు ఆడినవి 11 ఆటలే. ఆటకు సగటున చేసిన పరుగులు 28 నుంచి 31కి పెరిగాయి. నూరు బంతులకు చేసిన పరుగులు 131 నుంచి 164కు ఎగబాకాయి. ఆ ఏడు ఏప్రిల్ 11న ఢిల్లీ మైదానంలో అతడు 29 బంతుల్లో చేసిన 41 పరుగులు, ఆఖరి బంతికి దక్కిన గెలుపులో విలువైన భాగం. మొత్తం తగ్గింది, ఆటగాడు పెరిగాడు! 2025 సెప్టెంబరు 28న దుబాయిలో ఆసియా కప్పు ఫైనల్లో పాకిస్తాన్‌పై అజేయంగా 69 పరుగులు చేసి భారత్‌ను గెలిపించినవాడు ఇతడే.

నితీశ్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. 2024లో అతడు 13 ఆటలలో 303 పరుగులు చేసి, వర్ధమాన క్రీడాకారుడి బహుమతి అందుకొన్నాడు. ఆ డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశాడు. అంతకుముందు 20 లక్షలకు తీసుకొన్న హైదరాబాదు జట్టు, అతన్ని 6 కోట్లకు అట్టిపెట్టుకొన్నది. 2025లో మాత్రం 13 ఆటలలో 182 పరుగులే వచ్చాయి. సొంత ఊరు విశాఖలో ఢిల్లీ జట్టుపై పరుగేమీ చేయకుండానే వెనుదిరిగాడు. అందరూ దీనిని 'రెండవ ఏటి శాపం' అన్నారు.

అయితే పద్దు తిరగవేసి చూడండి. నితీశ్ ఐ.పి.ఎల్.లో అడుగుపెట్టింది 2023లో. ఆడినవి రెండే ఆటలు, ఎవరూ గమనించలేదు. అంటే నిజమైన రెండవ ఏడు 2024. అదే అతడు వికసించిన సంవత్సరం! మనం చూడడం మొదలుపెట్టిన ఏడాదిని మొదటి ఏడు అనుకొన్నాం. ఎవరైనా వెలిగిన తర్వాతే మనం చూడడం మొదలుపెడతాం కనుక, ఆ తర్వాత కనిపించేది తగ్గుదలే కావడం వింత కాదు.

కనుక ఒక యువకుడి రాబోయే ఏడాదిని అంచనా వేయదలచినవారు నిరుటి పరుగుల మొత్తాన్ని పక్కనబెట్టి కొన్ని సాదా ప్రశ్నలు వేసుకోవాలి. బ్యాటింగు వరుసలో అతని స్థానం ఏది? ఎన్ని బంతులు ఆడే అవకాశం ఉంది? గాయమేదైనా ఉందా? నితీశ్ 2025 జనవరిలో పక్కటెముకల వద్ద కండరాల గాయంతో ఆటకు దూరమయ్యాడు, తర్వాతి ఐ.పి.ఎల్.లో బౌలింగు చాలా తక్కువగా చేశాడు. రెండు పనులు చేయగలవాడు ఒక పనికే పరిమితమైతే పాయింట్లు తగ్గక తప్పదు. ఇందులో శాపమేమీ లేదు.

నైపుణ్యమా, జూదమా?

ఇదంతా వినోదానికే పరిమితమైతే చర్చ ఇక్కడితో ముగిసేది. కాని ఊహా జట్లపై డబ్బు ఒడ్డడం మొదలైనప్పటి నుంచి లెక్క తప్పినవాడు నష్టపోయింది పాయింట్లను మాత్రమే కాదు.

ఇది నైపుణ్యమా, జూదమా అన్న వివాదానికి మన తెలుగునాటనే వేళ్ళున్నాయి. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో పేకాటకు సంబంధించిన కేసులో 1967లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని పేర్కొన్నది. 2017లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఊహా క్రికెట్టుకు కూడా ఆ నైపుణ్య వాదాన్నే అంగీకరించింది. మరోవైపు తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. చివరకు 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించిన ఆ బిల్లుకు 22న రాష్ట్రపతి సమ్మతి లభించింది. డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఆడేవారికి శిక్ష లేదు. చట్టం వారిని బాధితులుగానే చూసింది. ప్రధాన సంస్థలు రుసుము తీసుకొనే పోటీలను వెంటనే నిలిపివేశాయి. చట్టాన్ని కోర్టులలో సవాలు చేసినవారూ ఉన్నారు.

న్యాయస్థానాల తీర్పు ఎలా ఉన్నా, మెక్‌గర్క్ ఆడిన ఆ 141 బంతులు మనకు ఒక విషయం చెబుతాయి. ఊహా జట్టు కట్టడంలో నైపుణ్యం ఉన్నమాట నిజం. కాని ఆ నైపుణ్యం బయటపడడానికి నెలలు, సంవత్సరాలు పడుతుంది. ఒక్క రాత్రి ఆటలో లక్షలమందితో పోటీపడేవాడికి చివరకు మిగిలేది అదృష్టమే. వేలంలో ఆరితేరిన నిపుణులే 9 కోట్లు పెట్టి పొరబడినచోట, నెల జీతంలోంచి వెయ్యి తీసి పందెం కట్టే యువకుడు తన అంచనా తప్పదని నమ్మడం ఎంత ప్రమాదం! మొదటి గెలుపు వాడికి తన ప్రతిభగా తోస్తుంది. తర్వాతి ఓటములు దురదృష్టంగా తోస్తాయి. పోగొట్టుకొన్నది రాబట్టుకోవాలన్న పట్టుదల అప్పులకు దారితీస్తుంది.

డబ్బు తొలగిపోయిన తర్వాత మిగిలేది అసలైన ఆట. మిత్రులు నలుగురు కూడి, నిరుటి అంకెల వెనుక ఏముందో తరచి చూస్తూ, కొత్త యువకుడి భవిష్యత్తును ఊహించడంలో ఉన్న ఆనందానికి ఏ చట్టమూ అడ్డురాదు. అంచనా తప్పినప్పుడు ఆటగాణ్ణి నిందించవలసిన అవసరమూ రాదు.

నితీశ్ కొడుకుగా మైదానంలో ఎదగాలని అతని తండ్రి విశాఖలో తన ఉద్యోగాన్నే వదులుకొన్నారు. ఆయన పెట్టుబడి ఒక్క ఏటి పరుగులమీద కాదు. అంత త్యాగం మననుంచి ఎవరూ కోరరు. ఒక యువకుడికి తీర్పు చెప్పేముందు మరి రెండేళ్ళు ఓపికపట్టగలిగితే, ప్రేక్షకులుగా మనం చేయదగిన మేలు అదే.