టించరు వాసన వేసే విస్కీ

చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే కాంపౌండరుగారు దూదితో టించరు అద్దేవారు, గుర్తుందా? మంట కంటే ముందు వాసన తెలిసేది. నేను 2006లో ఆర్నెల్ల ప్రాజెక్టుకని ఇంగ్లండు వచ్చిన కొత్తలో, ఆఫీసు విందులో ఒక స్కాట్లండు మిత్రుడు నా చేతికో గ్లాసిచ్చాడు. వాసన చూడగానే మా ఊరి కాంపౌండరుగారు కళ్ళముందు నిలబడ్డారు. "ఇది తాగేదా, పూసుకునేదా?" అని అడిగాను. అతను నవ్వి, "దీన్ని ప్రేమించినవాళ్ళున్నారు, పారబోసినవాళ్ళున్నారు. ఏమీ అనకుండా ఊరుకున్నవాళ్ళు మాత్రం లేరు" అన్నాడు. ఆ విస్కీ పేరు లఫ్రోయిగ్.

ముందే ఒక మాట. నేను సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన నెల్లూరు జిల్లావాణ్ణి. తాగమని ఎవరికీ చెప్పను. ఆ వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందో, రెండు వందల ఏళ్ళుగా ఎలా నిలిచిందో చెప్పడం వరకే నా పని.

స్కాట్లండు పడమటి తీరాన ఐలా అనే దీవి ఉంది. జనాభా మూడువేల చిల్లర. డిస్టిలరీలు మాత్రం పది! అక్కడ చెట్లు తక్కువ, బొగ్గు లేదు. ఉన్నదల్లా పీట్. నీళ్ళు నిలిచే నేలలో నాచు, గడ్డి, పొదలు చచ్చి, గాలి తగలక పూర్తిగా కుళ్ళిపోకుండా వేల ఏళ్ళు పేరుకుంటే తయారయ్యే నల్లమట్టి అది. ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మనం పిడకలు వాడినట్టు పొయ్యిలో వాడతారు.

విస్కీకి మొదటి మెట్టు బార్లీని నానబెట్టి మొలకెత్తించడం. మొలకెత్తే గింజలో పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చగలవు. పిల్లలకి ఇంట్లో రాగి మాల్టు చేసిన తల్లులకి ఈ సంగతి కొత్త కాదు. మొలక ఎదిగి ఉన్నదంతా తినెయ్యక ముందే దాన్ని ఆరబెట్టాలి. ఆ పొయ్యిలో పీట్ వేస్తే, పొగలోని ఫినాల్ జాతి రసాయనాలు తడి గింజకి పట్టేస్తాయి. లఫ్రోయిగ్ మాల్టులో ఇవి పదిలక్షల పాళ్ళకి 40 నుంచి 45 దాకా ఉంటాయి. మనం ఆస్పత్రి నేల కడిగే ఫినాయిలు కూడా ఈ కుటుంబానికి చుట్టమే. కాంపౌండరుగారు ఊరికే గుర్తుకు రాలేదన్నమాట.

ఆ మాల్టు నుంచి తీసిన తియ్యటి నీళ్ళని ఈస్టుతో పులియబెట్టి, రాగి పాత్రల్లో రెండుసార్లు బట్టీ పెడతారు. రెండోసారి మొదట దిగేదాన్నీ, చివర దిగేదాన్నీ పక్కకి తీసి, మధ్యభాగాన్నే ఉంచుకుంటారు. పళ్ళ వాసనలు ముందు దిగుతాయి, పొగ వాసనలు ఆలస్యంగా వస్తాయి. లఫ్రోయిగ్‌లో మొదటి భాగాన్ని ముప్పావుగంట దాకా వదిలేస్తారు. చాలా డిస్టిలరీలు అంతసేపు ఆగవు. అందుకే తీపి తగ్గి పొగ మిగులుతుంది. ఆ తరవాత, అమెరికాలో బర్బన్ విస్కీ నిలవచేసిన ఓక్ పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి ఉంచుతారు. మూడేళ్ళు నిండనిదాన్ని స్కాచ్ అనడానికి చట్టం ఒప్పుకోదు. వీళ్ళ ప్రసిద్ధమైన సీసా వయసు పదేళ్ళు.

ఇంత వివరంగా రాసుకోగలిగినప్పుడు నకలు తియ్యలేమా? నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి మొదట వచ్చే అనుమానం ఇదే. నూరేళ్ళ కిందట ఒకాయన ఆ పని చేసి చూశాడు.

లఫ్రోయిగ్‌ని 1815లో డోనాల్డ్, అలెగ్జాండర్ జాన్‌స్టన్ అనే అన్నదమ్ములు స్థాపించారు. 1847లో డోనాల్డ్ తన డిస్టిలరీలోనే తొట్టెలో పడి, ఆ గాయాలతో చనిపోయాడు. అయినా వ్యాపారం ఆ వంశంలోనే సాగింది. పక్కనే ఉన్న లాగవూలిన్ డిస్టిలరీ యజమాని పీటర్ మెకీ వీళ్ళ సరుకుకి ఏజెంటు. 1907లో ఆ ఒప్పందం తెగిపోయింది. కోపంతో ఆయన లఫ్రోయిగ్‌కి నీళ్ళు వచ్చే వాగుకి రాళ్ళు అడ్డం వేయించాడు. కోర్టు తీయించింది. మరుసటి ఏడాది 1908లో తన ఆవరణలోనే మాల్ట్ మిల్ అనే చిన్న డిస్టిలరీ కట్టి, లఫ్రోయిగ్ పనివాణ్ణే పిలిపించుకుని, అచ్చం అలాంటి పాత్రలే చేయించాడు. దీవి అదే, పీట్ అదే. అయినా వచ్చింది లఫ్రోయిగ్ కాదు! సోర్సు కోడంతా కాపీ చేసినా ప్రోగ్రాం అలా నడవలేదు. మాల్ట్ మిల్ 1962లో మూతపడింది.

మరి అసలుదాన్ని నిలబెట్టింది ఎవరు? జాన్‌స్టన్ వంశంలో చివరి యజమాని ఇయాన్ హంటర్‌కి పెళ్ళి లేదు, పిల్లల్లేరు. 1934లో ఆఫీసులో టైపు పనికి ఒక మనిషి కావలసివచ్చింది. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదివిన బెస్సీ విలియమ్సన్ అనే యువతి ఆ వేసవి వరకు చేద్దామని వచ్చింది. వెనక్కి వెళ్ళలేదు. 1938లో హంటర్‌కి పక్షవాతం వచ్చినప్పుడు బరువు ఆమె భుజాలమీద పడింది. రెండో ప్రపంచయుద్ధంలో డిస్టిలరీని సైన్యం గిడ్డంగిగా వాడుకున్నప్పుడూ ఆమే కాపలా. 1954లో చనిపోతూ హంటర్ డిస్టిలరీని ఆమెకే రాసిచ్చాడు. విస్కీ అంటే మగవాళ్ళ వ్యాపారమనుకునే రోజులవి. పాతబడిన కట్టడాలు బాగుచెయ్యడానికి డబ్బు కావలసి, 1960లలో వాటాలు విడతలుగా అమ్మింది. 1972లో విరమించింది.

ఇప్పుడది జపానువాళ్ళ సంతరీ సంస్థ చేతిలో ఉంది. మాల్టులో ఎక్కువభాగం పక్క ఊరు పోర్ట్ ఎల్లెన్‌లోని మిల్లు నుంచి వస్తుంది. మిగతాది, సుమారు ఐదోవంతు, ఇప్పటికీ తమ నేలమీదే పరిచి, మనుషుల చేత తిరగేయించి ఆరబెట్టుకుంటారు. లెక్కలు చూసే ఏ కన్సల్టెంటైనా ముందు కొట్టేసే ఖర్చు అదే. కొట్టెయ్యలేదు. వంశం పోయింది, యజమానులు మారారు, పద్ధతి మాత్రం అక్కడే ఉండి నేర్చుకున్నవాళ్ళ చేతుల్లో నిలిచింది. వాళ్ళలో అందరికంటే ముఖ్యమైన మనిషి మూడునెలల కోసం బయటినుంచి వచ్చిన టైపిస్టు. ఆర్నెల్లకని వచ్చి ఇక్కడే పిల్లల్ని పెంచుకుంటున్న నాకు ఆ సంగతి తరచు గుర్తొస్తుంది.

1994లో వీళ్ళు ఒక సరదా మొదలుపెట్టారు. సీసా కొన్నవాళ్ళు పేరు నమోదు చేసుకుంటే డిస్టిలరీ దగ్గర ఒక చదరపు అడుగు నేల జీవితకాలం లీజుకిస్తారు. ఏడాదికి ఒక గుక్కెడు విస్కీ వాళ్ళే మనకి అద్దె కట్టాలి, మనం వెళ్ళి పుచ్చుకోవాలి. నా పేరున ఒక అడుగుంది. చూడ్డానికి వెళితే రబ్బరు బూట్లు బురదలో కూరుకుపోయాయి. దూరంగా సముద్రం, మధ్యలో పీట్ పొగ.

ఇంటికొచ్చి ఆ పత్రం ఫోన్లో మా నాన్నగారికి చూపించాను. కళ్ళజోడు సవరించుకుని చదివి, "బాగుందిరా. రిజిస్ట్రేషన్ అయిందా?" అన్నారు.