చాంగాన్: కనుబొమలు ఏలిన రాజధాని

చైనాలో నేటి షియాన్ నగరమే ఒకప్పటి చాంగాన్. హాన్ వంశ కాలంలో ఈ నగరాన్ని పాలించిన అధికారి జాంగ్ చాంగ్, భార్యకు తన చేత్తోనే కనుబొమలు దిద్దేవాడట. అంత పదవిలో ఉండి ఇదేం పనంటూ కిట్టనివాళ్లు షువాన్ చక్రవర్తి చెవిన వేశారు. పిలిపించి అడిగితే, ఆలుమగల నడుమ ఇంతకు మించిన ముచ్చట్లు లేవా ప్రభూ అన్నాడట. చక్రవర్తి దండించలేదు. అయితే ఆపై పెద్ద పదవీ ఇవ్వలేదు.

ఆ దిద్దడం వెనుక బోలెడు పని ఉండేది. సొంత వెంట్రుకలు తీసేసి, 'దాయ్' అనే నల్లని రంగురాయిని సాన మీద నూరి, నీళ్లతో కలిపి, ఆ ఖాళీ నుదుటి మీద కొత్త బొమలు గీసుకునేవారు. తుడిచేస్తే పోయే గీత కాబట్టి ఎలాగైనా మార్చుకోవచ్చు.

థాంగ్ వంశం (618–907) వచ్చాక ఆ స్వేచ్ఛకు పట్టపగ్గాల్లేవు. షువాన్‌జోంగ్ చక్రవర్తి పది రకాల కనుబొమలను చిత్రకారుడితో గీయించాడని చెబుతారు. చిత్రకారుడు జౌ ఫాంగ్ పేరిట నిలిచిన ఒక పట్టుచిత్రంలో అంతఃపుర స్త్రీల బొమలు పొట్టిగా, మందంగా, చిమ్మట రెక్కల్లా నుదుటి మీద చాలా పైన ఉంటాయి. తొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో బొమలు రెండువైపులా కిందికి వాలిపోయాయి. బుగ్గలకు ఎరుపు లేదు, పెదాలకు నల్లరంగు. చూస్తే ఏడ్చి వచ్చిన ముఖమే. ఇది మన పద్ధతి కాదని కవి బై జుయి కవితలోనే కోప్పడ్డాడు.

అదే కవి ఇంకో కవితలో లొయాంగ్ నగరపు షాంగ్‌యాంగ్ ప్రాసాదంలో మగ్గిన ఒక స్త్రీ గురించి రాశాడు. పదహారేళ్లకు తెచ్చి అక్కడ పెట్టారు. చక్రవర్తి ముఖమైనా చూడకుండానే అరవై ఏళ్లు వచ్చాయి. బయట బొమల తీరు ఎన్నిసార్లు మారిందో ఆమెకు తెలియదు. తాను అడుగుపెట్టిన నాటి సన్నని, పొడుగాటి బొమలనే ఇంకా దిద్దుకుంటోంది. బయటివాళ్లు చూస్తే నవ్వుతారు. అంతఃపురాల వైభవం గురించి ఎన్ని చరిత్రలు చదివినా, నాకు ఆ రెండు గీతలే ఎక్కువ నిజం చెప్పినట్టనిపిస్తుంది.

షియాన్ వెళ్లే తెలుగువాళ్లు అక్కడి ప్రసిద్ధ మట్టి సైనికుల విగ్రహాలను చూసి వెనక్కి వచ్చేయకండి. షాన్సీ చరిత్ర మ్యూజియంలో థాంగ్ రాజవంశీకుల సమాధుల నుంచి తెచ్చిన గోడచిత్రాలున్నాయి. వాటి ముందు కాసేపు ఆగి, ఆ స్త్రీల బొమల వంక చూడండి.